బాద్షా దీన్, రయ్యత్ వడ్లు



బక్రీద్ మూడోరోజు. చిట్యాలలో అమ్మీ ఇంటి వరండాలో పిల్లలు ఒక లాంగ్ నోట్‌బుక్ ముందేసుకుని సల్తనత్ కడుతున్నారు. ఫోన్‌లో చూసిన ఏదో ఆటను కాగితం మీదికి తెచ్చి, తమకు తగ్గట్టు మార్చుకున్నారట. ఒకరు బాద్షా, ఒకరు వజీర్, ఒకరు ఫౌజ్, మిగతావాళ్ళు రయ్యత్. పాచిక వేసి వంతులవారీగా చెరువు తవ్వాలి, సడక్ వేయాలి, మద్రసా కట్టాలి. ఒక్కొక్క ఇంటి పేరు కింద ఇన్ని ఎకరాలు, ఇన్ని వడ్లు అని గీతలు గీసి రాసుకున్నారు. అందరూ కలిసి కడితేనే సల్తనత్ నిలబడుతుందనేది ఆట షర్తు.

పదమూడేళ్ళ మా భాంజా బాద్షా. గంటసేపు బాగానే నడిచింది. తర్వాత వాడికి ఏం తోచిందో ఏమో, నోట్‌బుక్‌లో ఒక ఫర్మాన్ రాశాడు: వచ్చే వంతు నుంచి అందరిదీ బాద్షా మజహబే, ఒప్పుకోని ఇంటికి వడ్ల పన్ను డబల్. మరుసటి వంతులోనే ముగ్గురు బగావత్ ప్రకటించారు. అందులో ఇద్దరు మా ఇంటి పిల్లలే. మూడోవాడు పక్కింటి పిల్లవాడు, వాళ్ళది చేనేత కుటుంబం. వాడి వాదన వేరే. "నీ దీన్ సంగతి నాకెందుకు అన్నా? నా వడ్లు నువ్వెందుకు తీస్కున్నవ్?"

లొల్లి పెరిగి పంచాయితీ నా దగ్గరికి వచ్చింది. నేను తీర్పు చెప్పే లోపలే భాంజా అడిగాడు: "మామూ, నిజాం భీ ఐసాచ్ కరే థే క్యా?"

మన నిజాం కూడా ఇట్లనే చేసిండా అని. హాఁ అంటే అబద్ధం. నై అంటే సగం అబద్ధం. అప్పటికి "ఖానా తయ్యార్ హై, పదండి" అని తప్పించుకున్నాను. కానీ చిట్యాలలో కూర్చుని ఈ సవాల్‌ను ఎంతసేపు తప్పించుకోగలం? ఈ మండలంలోనే గుండ్రాంపల్లి ఉంది. రజాకార్ల చేతుల్లో చనిపోయినవాళ్ళ యాద్‌లో అక్కడ స్తూపం ఉంది. ప్రతి సెప్టెంబర్ 17కు జెండాలు వస్తాయి, లీడర్లు వస్తారు. ఆరోజు మన ఇళ్ళలో టీవీ సౌండ్ తగ్గుతుంది. పిల్లలు అది గమనిస్తారు.

నాకు ఈ తారీఖ్ రెండుసార్లు చెప్పారు. ఉర్దూ మీడియం స్కూల్లో మా ఉస్తాద్ చెప్పిన ఉస్మాన్ అలీ ఖాన్ 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినవాడు, దారుల్ తర్జుమాలో సైన్సు, డాక్టరీ కితాబులను ఉర్దూలోకి దించినవాడు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక మా మాస్టారు చెప్పిన నిజాం, దాశరథిని నిజామాబాద్ జైల్లో పెట్టినవాడు. పళ్ళు తోముకోను ఇచ్చిన బొగ్గుతో దాశరథి జైలు గోడ మీద పద్యాలు రాశాడని ఆయన చెబుతుంటే క్లాసు నిశ్శబ్దంగా వినేది. రెండూ నిజమే. ఒకచోట చెప్పినది రెండోచోట చెప్పలేదు, అంతే. ఆ రెండు పాఠాలనూ ఒకే కాపీలో రాసుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ముందు "నై" వైపు చెబుతాను. ఆసఫ్ జాహీ బాద్షాలెవరూ రయ్యత్ మొత్తం కల్మా చదవాలని ఫర్మాన్ జారీ చేయలేదు. 1941 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రియాసత్‌లో సుమారు 1 కోటి 63 లక్షల మంది ఉంటే ముస్లింలు నూటికి 13 మందికి మించరు. రెండు వందల ఏళ్ళకు పైగా నడిచిన హుకూమత్ జబర్దస్తీగా దీన్ మార్పించి ఉంటే లెక్క ఇట్లా ఉండదు. ఉస్మాన్ అలీ ఖాన్ పుణెలోని భండార్కర్ సంస్థకు మహాభారతం అచ్చు కోసం ఏడాదికి 1,000 రూపాయల చొప్పున 11 ఏళ్ళు ఇచ్చాడు. గుళ్ళకు ఇచ్చిన ఇనాములు వేరే. సూరె బఖరా 256వ ఆయత్ దీన్‌లో జబర్దస్తీ గురించి ఏం హుకుం ఇచ్చిందో మన పిల్లలకూ తెలుసు, బాద్షాలకూ తెలుసు. బాద్షాలకు ఆయత్‌తో పాటు ఖజానా కూడా తెలుసు. పన్ను కట్టే రైతును తిరగబడేలా చేసే పని ఏ దీవాన్ చేస్తాడు?

ఇంకా వెనక్కి వెళితే ఈ సంగతి మరింత సాఫ్‌గా కనిపిస్తుంది. మనకు దగ్గరలోని భువనగిరి కోటనే తీసుకోండి. ఔరంగజేబ్ పోయిన మరుసటి ఏడాది, 1708లో, కల్లుగీత కులానికి చెందిన సర్వాయి పాపన్న మొగలులపై బగావత్ చేశాడు. ఆషూరా ముందురోజు వరంగల్ మీద పడ్డాడు, మీలాద్ ముందురోజు భువనగిరి మీద పడ్డాడు. పండుగ పనుల్లో కోట కాపలా ఢీలా ఉంటుందని ఆయన అందాజా. ఇంతవరకు చెప్పి ఆపేస్తే హిందూ ముస్లిం కథ తయారవుతుంది. కానీ చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ ఎత్తిచూపిన సంగతి వేరే. పాపన్న మీద జనం పాడుకునే పాటలో ఆయన అనుచరుల పేర్లున్నాయి, ఆ పేర్లలో హసన్, హుసేన్, దూదేకుల పీరు కూడా ఉన్నారు. 1709లో బాదుషా బహదూర్ షా హైదరాబాద్ వచ్చినప్పుడు పాపన్న 14 లక్షల రూపాయల నజరానా పెట్టి ఖిల్లత్ తొడుక్కున్నాడు. అప్పుడు షా ఇనాయత్ ముందుండి అష్రాఫ్ పెద్దలు బాదుషాకు ఫిర్యాద్ చేశారు. కల్లుగీసేవాడికి ఖిల్లత్ ఏమిటని వాళ్ళ బాధ. మజహబ్ మాట కన్నా జాత్ మాటే అక్కడ గట్టిగా వినిపించింది. మరుసటి ఏడాదే పాపన్న తల తెగింది.

ఇప్పుడు "హాఁ" వైపు. ఇది చెప్పడం మనకు కష్టం, అందుకే నిదానంగా చెబుతాను.

నిజాం హుకూమత్‌లో ఉమూర్-ఎ-మజహబీ అనే మహకమా ఉండేది. కొత్త గుడి కట్టాలన్నా, పాత గుడి బాగు చేయాలన్నా అక్కడి ఇజాజత్ కావాలి. జలసా పెట్టాలన్నా ఇజాజతే, దానికి గశ్తీ నిషాన్ 53 అనే హుకుం. ఆర్య సమాజ్‌వాళ్ళు 1938-39లో సత్యాగ్రహం చేసి జైళ్ళు నింపింది ఇట్లాంటి బంధనాల మీదే. మజహబ్ మార్చుకోమని హుకుం లేదు సరే, సొంత మజహబ్‌ను నడుపుకోవడానికి అర్జీ పెట్టుకుని దఫ్తర్ చుట్టూ తిరగాల్సి వస్తే ఆ మనిషికి ఎట్లా ఉంటుందో ఈ కాలంలో మనకు వేరేగా చెప్పాల్సిన పని లేదు.

1927లో మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పుట్టింది. ఆ రోజుల్లోనే నవాబ్ బహాదుర్ యార్ జంగ్ తబ్లీగ్ అంజుమన్ పెట్టి ఊరూరా తిరిగారు. ఆయన తఖ్రీర్ విన్న ముసలివాళ్ళు నా చిన్నప్పుడు ఇంకా ఉండేవారు. ఆ గొంతు యాద్ చేసుకుంటే వాళ్ళ కళ్ళు మెరిసేవి. ఆయన మాటకు దళితవాడల్లో కొందరు కల్మా చదివారు, జవాబుగా ఆర్య సమాజ్ శుద్ధి మొదలుపెట్టింది. ఒకే గూడెం పొద్దున ఇటు, సాయంత్రం అటు. తల్వార్ పెట్టి మార్చారని నేను అనను. దొర గడీలో వెట్టి చేసే మాదిగ మనిషికి, దీన్ మారితే వెట్టి పోతుందేమోనన్న ఉమ్మీద్ తల్వార్ కన్నా పదునైనది. ఆ ఉమ్మీద్‌కు వెనకాల బాద్షా నీడ ఉంది. పిలిచేవాడి చేతిలో హుకూమత్ ఉన్నప్పుడు దావత్‌కూ దబావ్‌కూ మధ్య గీత ఎక్కడుందో చెప్పడం కష్టం.

దీనికన్నా పెద్ద గలతీ ఇంకొకటి జరిగింది. "అనల్ మాలిక్" అనే నజరియా వచ్చింది. నేనే మాలిక్‌ను అని దాని అర్థం. రియాసత్ మీద హక్కు ఒక్క నిజాంది కాదు, ప్రతి ముస్లింది, తఖ్త్ మీద కూర్చున్నాయన ఆ హక్కుకు నిషాన్ మాత్రమే అని చెప్పారు. వినడానికి జమ్హూరియత్ లాగే ఉంది. రియాసత్‌లో నూటికి ఎనభై మందికి పైగా పక్కన పెట్టిన జమ్హూరియత్!

ఆ రోజుల్లో మన నల్లగొండ జిల్లాలో ముస్లిం అంటే ఎవరు? అమీన్ సాబ్, తహసీల్దార్ సాబ్ కొందరు. మిగతావాళ్ళు దూది ఏకేవాళ్ళు, గుర్రపు నాలలు కొట్టేవాళ్ళు, జట్కా తోలేవాళ్ళు, కచేరీలో చప్రాసీలు, కౌలు రైతులు. గజం జమీన్ లేని దూదేకుల మనిషికి "నువ్వే మాలిక్" అని చెప్పారు. రియాసత్ భూమిలో నూటికి పది వంతులు నిజాం సొంత ఖర్చుకు సర్ఫెఖాస్, ముప్పై వంతులు జాగీర్లు. మిగిలింది సర్కారీ భూమి. అందులోనూ మన వైపు విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి, లక్షన్నర ఎకరాలున్న జన్నారెడ్డి ప్రతాపరెడ్డి లాంటి దొరలదే రాజ్యం. బాద్షా ముస్లిం, దొర హిందువు. ఇద్దరి మధ్య మజహబ్ ఎన్నడూ అడ్డం రాలేదు. మాల్‌గుజారీ ముట్టినంత కాలం దొర వెట్టి చేయించుకున్నా, బేదఖల్ చేసినా నిజాం హుకూమత్‌కు పట్టలేదు.

దీనికి గవాహీ ఒక ముస్లిమే ఇచ్చాడు. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు ఉండేవాడు. విసునూరు దేశ్‌ముఖ్ తన భూమి మీద కన్ను వేస్తే అదాలత్‌కు పోయి ఏళ్ళ తరబడి కొట్లాడాడు. 1940లో దేశ్‌ముఖ్ మనుషులు ఆయనను నరికి చంపారు. ముస్లిం బాద్షా, ముస్లిం అమీన్లు, "నువ్వే మాలిక్" అనే జమాత్, ఇన్ని ఉండి కూడా బందగీ ప్రాణం కాపాడలేదు. ఆయనను యాద్ ఉంచుకున్నది ఎవరు? తెలుగు రైతులు. ఆయన సమాధి దగ్గర జాతర చేశారు. సుంకర, వాసిరెడ్డి "మా భూమి" నాటకానికి ఆయన కథే ఆధారం. మన మస్జిద్‌లలో ఆయన పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు. షహీద్ అని అనదగిన మనిషి మన గడప ముందే ఉంటే మనం ఎక్కడెక్కడో వెతుకుతాం.

1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక ఆంధ్ర మహాసభ సంఘంగా ఊళ్ళలోకి దిగింది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య మీద దొర మనుషులు తూటా పేల్చారు. బగావత్ అంటే ఇక అదే. 1947 సెప్టెంబర్ 11న హత్యార్లు పట్టమని పిలుపు ఇచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డితో పాటు మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. ఉర్దూ షాయర్, మస్జిద్ ఊడ్చే ఇంట్లో పెరిగిన పిల్లవాడు. మన చేనేత పిల్లవాడు వరండాలో అన్నదే వాళ్ళందరూ అన్నారు. వెట్టి, లెవీ వడ్లు, బేదఖలీ. లెవీ పేరున గింజలు ఊడ్చుకుపోయే గిర్దావర్ ఏ మజహబ్‌వాడని ఏ రైతూ అడగలేదు.

దానికి మజహబ్ రంగు పూసింది రజాకార్లు. లాతూర్ వకీల్ ఖాసిం రజ్వీ 1946లో మజ్లిస్ సదర్ అయ్యాడు. బహాదుర్ యార్ జంగ్ 1944లోనే పోయారు. ఆయన బతికి ఉంటే ఏమయ్యేదని మనవాళ్ళు ఇప్పటికీ బహస్ చేసుకుంటారు, నాకు ఆ బహస్ మీద దిల్‌చస్పీ లేదు. ఆయన నాటిన మాటనే రజ్వీ కోశాడు. ఖాకీ తొడిగి, బందూక్ ఇచ్చి, "మాలిక్" అనిపించుకున్న గరీబ్ పోరగాళ్ళను ఊళ్ళ మీదికి వదిలాడు. వాళ్ళు ఎవరి కోసం పని చేశారో చూడండి. పారిపోయిన హిందూ దొరలను మళ్ళీ గడీల్లో కూర్చోబెట్టడానికి! కల్మా పేరు చెప్పుకుని దొర వసూళ్ళకు కాపలా కాశారు. గుండ్రాంపల్లిలో చంపినవాళ్ళను బావిలో పడేశారని ఊరివాళ్ళు చెబుతారు. నేను ఆ మాట కాదనను, మీరూ కాదనకండి. జుల్మ్ చేసినవాడు మన టోపీ పెట్టుకున్నాడని ఆ జుల్మ్ చిన్నది కాదు.

అప్పుడు మనలో ఎవరూ నోరు మెదపలేదా? మెదిపారు. 1948 ఆగస్టులో బాఖర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్ మొదలైన ఏడుగురు ముస్లిం పెద్దలు రజాకార్లను రద్దు చేయండి, హిందుస్తాన్‌తో కలవండి అని పత్రికకు ఎక్కారు. "ఇమ్రోజ్" ఎడిటర్ షోయబుల్లా ఖాన్ అదే మాట రోజూ రాశాడు. ఆగస్టు 21 రాత్రి దఫ్తర్ నుంచి ఇంటికి వస్తుంటే కాల్చి, చేతులు నరికారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. ముప్పై ఏళ్ళైనా నిండని మనిషి. నేను ఈ పేషాలోకి వచ్చిన మొదటి ఏడాది ఆయన ఫోటో నా టేబుల్ మీద పెట్టుకున్నాను. "యే కౌన్ హై?" అని మన సాబులే అడిగారు.

సెప్టెంబర్ 13న ఫౌజ్ దిగింది, 17న నిజాం లొంగిపోయాడు. ఇక్కడి నుంచి గుండ్రాంపల్లి సభల్లో చెప్పని భాగం. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను నెహ్రూ ప్రభుత్వం పంపింది. వాళ్ళు తిరిగి చూసి, 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాశారు. ఎక్కువ నాశనం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో. ఔరంగాబాద్, బీడ్, మెదక్, నల్లగొండ కలిపి కనీసం 5 వేల మంది. జబర్దస్తీగా దీన్ మార్పించిన సంగతి కూడా ఆ రిపోర్టులో ఉంది. ఈసారి మారినవాళ్ళు మనవాళ్ళు. భాంజా నోట్‌బుక్‌లో రాసిన ఫర్మాన్ లాంటిది మన తారీఖ్‌లో అమలైంది అంటే అప్పుడే. దాని మీద బాద్షా మొహర్ లేదు, గుంపు చేతిలో కత్తి ఉంది. ముస్లిం సాలెలను హిందూ సాలెలు కాపాడుకున్నారని కూడా వాళ్ళే రాశారు. మన వైపు సంఘంవాళ్ళు గరీబ్ ముస్లింలను ముట్టనీయలేదని సుందరయ్య తన పుస్తకంలో రాశాడు.

మా నానీ ఆ సెప్టెంబర్‌లో కొత్త పెళ్ళికూతురు. ఒక గౌండ్ల ఇంటామె నానీని లోపలికి లాక్కుని, గాజులు వేసి, నుదుట బొట్టు పెట్టి, "ఎవరన్న అడిగితె మా ఆడిబిడ్డ అని చెప్త" అన్నదట. ఆమె సొంత తమ్ముడిని నెల ముందు రజాకార్లు చెట్టుకు కట్టి కొట్టారు. పదకొండు రోజులు నానీ ఆ ఇంట్లో బొట్టుతో ఉంది, నమాజ్ ధాన్యపు గుమ్మి వెనకాల కూర్చుని చదివింది. పన్నెండో రోజు బొట్టు తుడుచుకుని ఇంటికి వచ్చింది. "గునా అయింది కాదా నానీ?" అని నేను చిన్నప్పుడు అడిగితే, "ఆమెను అడుగు పో, ఏం సవాబ్ వచ్చిందో" అన్నది. ప్రతి ఈద్‌కు ఆ ఇంటికి సేమియా పోతుంది. మొన్న కూడా పోయింది.

మరి బాద్షా? 1950 జనవరి 26న అదే ఉస్మాన్ అలీ ఖాన్ రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, ఏడాదికి 50 లక్షల భరణం. ప్రధాని లాయఖ్ అలీ పాకిస్తాన్ చేరాడు. రజ్వీ జైలు నుంచి 1957లో బయటపడి అక్కడికే పోయాడు. గడీల దొరల్లో కొందరు ఖద్దరు తొడిగి తిరిగి వచ్చారు. ఫౌజ్ ఊళ్ళలోనే ఉండి 1951 దాకా రైతులను వేటాడింది. "మాలిక్" అనిపించుకున్న చప్రాసీలకు, జట్కావాళ్ళకు నౌకరీలు పోయాయి, ఊళ్ళు పోయాయి. హైదరాబాద్ గల్లీలకు చేరి రిక్షా తొక్కినవాళ్ళ పిల్లలు ఈ బ్లాగ్ చదివేవాళ్ళలోనే ఉన్నారు.

ఇప్పుడు ఆ రోజును ఒక పార్టీ విమోచన అంటుంది, ఇంకొకరు విలీనం అంటారు. 2022లో ప్రభుత్వం సమైక్యతా దినం అంది, 2024లో ప్రజా పాలన దినం అంది. మన ఇళ్ళలో సుకూత్-ఎ-హైదరాబాద్ అంటాం, అది కూడా పిల్లలు పడుకున్నాక.

ఆ సాయంత్రం భాంజాను బండి మీద ఎక్కించుకుని గుండ్రాంపల్లి పోయాను. స్తూపం ముందు నిలబడ్డాం. దారిలో బందగీ కథ చెప్పాను, షోయబుల్లా కథ చెప్పాను, నానీ బొట్టు కథ చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఫాతెహా పఢ్ సక్తే క్యా యహాఁ?" అని అడిగాడు. నేను చేతులెత్తాను, వాడూ ఎత్తాడు. అటుగా మేకలను తోలుకుపోతున్న పెద్దాయన ఒకరు ఆగి చూసి, "ఎవల పిల్లలు మీరు?" అన్నాడు. చిట్యాల సాయిబుల పిల్లలమని చెప్పాను. "కూసోండ్రి, చాయ తాగి పోదురు" అన్నాడు.

ఇంటికి వచ్చాక నోట్‌బుక్ తీసి వాడు ఆ ఫర్మాన్ కొట్టేశాడు. వజీర్ అయిన చెల్లెలు ఊరుకోలేదు. పక్కింటివాడి దగ్గర అప్పటికే తీసుకున్న వడ్లు వాపస్ ఇయ్యాలంది. ఎన్ని వంతుల వడ్లు అన్న దగ్గర మళ్ళీ లొల్లి మొదలైంది. నేను పడుకునేసరికి ఇంకా తేలలేదు.